మెట్ల మీద మా సభ తీవ్ర ఆందోళన

మనిషి కనిపెట్టినవాటిలో అన్నిటికంటే గొప్పది ఏదని నన్నడిగితే చక్రం అనను, నిప్పు అనను. ఎవరూ పాటించనక్కర్లేని తీర్మానం అంటాను!

నవ్వకండి. నలభై ఏళ్లు దాని ఉప్పు తిన్నవాణ్ణి.

చట్టసభలో చట్టం వేరు, తీర్మానం వేరు. చట్టమైతే జనం పాటించాలి. పాటించకపోతే వచ్చి పట్టుకుపోతారు. తీర్మానానికి ఆ గొడవ లేదు. ఫలానా సంగతిలో మా అభిప్రాయం ఇదీ అని సభ చెబుతుంది. చెప్పి ఊరుకుంటుంది. సర్కారు వినాలని లేదు. విన్నా చెయ్యాలని లేదు. ఎందుకు చెయ్యలేదని ఎవరూ అడగాలని లేదు. చెప్పిన సభ్యుడికైనా మర్నాటికి అది గుర్తుండాలని లేదు. ఇంత హాయి ఇంకెక్కడుంది చెప్పండి? సంసారంలో ఉందా? ఉద్యోగంలో ఉందా?

నేను ఆ సభలో సభ్యుణ్ణి కాను, వడ్రంగిని. మూడో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి. సభ నడుస్తున్నంతసేపూ హాలు వెనక సామాన్ల గదిలో స్టూలు మీద కూర్చునేవాణ్ణి. గోడకు ఒక స్పీకరు డబ్బా ఉండేది. లోపలి మాటలన్నీ అందులోంచి వచ్చి నా చెవిలో పడేవి. నా పైచదువులన్నీ ఆ డబ్బాలోనే అయ్యాయి.

నా పనేమిటంటారా? బల్లలు బిగించడం.

సభ్యులకు ఏదైనా నచ్చితే చప్పట్లు కొట్టరు. ముందున్న బల్లను అరచేత్తో చరుస్తారు. టేకు బల్ల, ఇనుప బిగింపులు, ఏనుగు ఎక్కినా ఓర్చుకుంటుంది. కానీ ప్రజాప్రతినిధి చెయ్యి పడితే ఓర్చుకోదు. రెండు సమావేశాలకే స్క్రూలు వదులై, పై చెక్క కప్పలా నోరు తెరుస్తుంది. సభ ముగిశాక నేను స్క్రూడ్రైవరు పట్టుకుని లోపలికి వెళ్లేవాణ్ణి.

ఏళ్ల తరబడి ఆ పని చేశాక నాకొక సంగతి తెలిసింది. చట్టం చేసిన రోజున బల్లలు చెక్కుచెదరవు! దాన్ని రేపు అమలు చెయ్యాలి కదా, అందుకని అందరూ చేతులు ఒళ్లో పెట్టుకుని జాగ్రత్తగా కూర్చుంటారు. ఉత్త తీర్మానం వచ్చిన రోజున చూడాలి! పక్షాలన్నీ ఒక్కటైపోతాయి. పొద్దున్న కొట్టుకున్నవాళ్లు మధ్యాహ్నం ఒకే బల్లను చెరోవైపు చరుస్తారు. ఎంత ఖర్చులేని తీర్మానమైతే నాకంత చేతినిండా పని.

ఒకసారి వానలు వేళకు కురవాలని సభ ఏకగ్రీవంగా కోరింది. వానకు కాపీ పంపారో లేదో తెలియదు గానీ ఏడు బల్లలు ఊడాయి. ఇంకోసారి ఎక్కడో సముద్రాల అవతల రెండు దేశాలు కొట్టుకుంటుంటే వెంటనే ఆపాలని తీర్మానించింది. ఆ రెండు దేశాలకూ ఇలాంటి సభ ఒకటుందన్న సంగతే తెలియదు. తొమ్మిది బల్లలు! దోమలను తీవ్ర పదజాలంతో ఖండించిన రోజున మాత్రం కొంత ఫలితం కనిపించింది. బల్లలు తుడిచిన ఆవిడ అరచేతుల కింద నలిగిన దోమలు ఇరవై దాకా ఉన్నాయంది.

వీటన్నిటికీ తలమానికం ఇంకొకటుంది. ఒక పెద్దమనిషి సభ్యుడు లేచి, మనం బల్లల్ని మరీ గట్టిగా చరుస్తున్నాం, ఇది ప్రజల సొత్తు, ఇకపై సున్నితంగా చూసుకోవాలని ఈ సభ అభిప్రాయపడుతోంది అని తీర్మానం పెట్టాడు. సామాన్ల గదిలో నాకు కళ్ల నీళ్లు తిరిగాయి. నా కష్టం చూసిన దేవుడొకడున్నాడు అనుకున్నాను. తీర్మానం నెగ్గింది. ఎంత ఆనందంగా నెగ్గిందంటే, ఆ సాయంత్రం నేను బిగించిన బల్లలు పదకొండు! తీర్మానం పెట్టిన పెద్దమనిషి బల్లకైతే కాలే విరిగింది.

ఇంత చూశాక ఎవడైనా ఏం చేస్తాడు? నలుగురికీ పనికొచ్చే ఈ పద్ధతిని ఇంటికి తెచ్చుకుంటాడు. రిటైరయ్యాక నేను చేసిన ఒకే ఒక్క మంచిపని అది.

మా ఇంట్లో సభ్యులు ఐదుగురు. నేను, నా భార్య. కూతురు బడిలో లెక్కలు చెబుతుంది. అల్లుడు ఆసుపత్రిలో చీట్లు రాసే కౌంటర్లో కూర్చుంటాడు. నా భార్య తమ్ముడు, అంటే నా బావమరిది, ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. పని మానేసినా దిద్దడం మానలేదు. ఎవరేమన్నా అందులో ఒక మాట మారుస్తాడు. అందుకని అతన్ని ఇంట్లో సవరణ అనే పిలుస్తాం. పిలిస్తే పలుకుతాడు కూడా.

ఇల్లు చిన్నదే. కింద హాలు, రెండు గదులు. హాల్లోంచి మేడగదికి పద్నాలుగు సిమెంటు మెట్లు. ఒకవైపు గోడ, రెండోవైపు గాలి. రెయిలింగ్ లేదు. ఇల్లు కట్టినప్పుడు, వడ్రంగి ఇల్లే కదా, ఒక ఆదివారం పెట్టేస్తాడులే అని మేస్త్రీ వదిలేశాడు. ఆదివారాలు చాలానే వచ్చాయి, పోయాయి.

పైగదిలో నా భార్య కుట్టుమిషను ఉంది. వెలుతురు ఆ గదిలోనే ఉంటుంది. ఒక షాపుకు బడిపిల్లల చొక్కాలు కుట్టి ఇస్తుంది. నేను నోరు విప్పని మనిషిని కాబట్టి ముప్పై ఏళ్లుగా ఆమెకు మాట్లాడే తోడు ఆ మిషనే. పూటకు నాలుగుసార్లు ఎక్కుతుంది, నాలుగుసార్లు దిగుతుంది, చేతుల్లో గుడ్డల మూటతో.

రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఆరో మెట్టు మీద కాలు జారింది. మూట ముందు దొర్లింది, వెనక ఆమె. ఎముకలు విరగలేదు, కుడి మోకాలు మెలిపడింది.

"ఏమయ్యా, ఆ మెట్లకు ఓ కర్ర అడ్డం పెట్టరాదూ, పట్టుకోవడానికి?" అంది కాలికి కాపడం పెట్టుకుంటూ.

ఇది నేను ఒక్కణ్ణే తేల్చే విషయమా? మీరే చెప్పండి! అందుకని ఆ ఆదివారం భోజనాల బల్ల చుట్టూ సభ పెట్టాను. మాట్లాడటం నాకు రాదు, అధ్యక్షుడిగా కూర్చున్నాను. అధ్యక్షుడు తల ఊపితే చాలు.

అల్లుడు కాగితం తీశాడు. "మామయ్యా, ఇలా రాశాను. మెట్లకు రెయిలింగ్ లేకపోవడం పట్ల ఈ కుటుంబం ఆందోళన వ్యక్తం చేస్తోంది."

"తీవ్ర ఆందోళన," అన్నాడు సవరణ.

"అవును మామయ్యా, అత్తయ్య పడింది కదా, తీవ్ర అనే వెయ్యాలి," అని అల్లుడు దిద్దాడు.

"తగిన చర్యలు సత్వరమే చేపట్టాలని కోరుతోంది అని కూడా చేర్చండి," అంది కూతురు.

"ఎవరిని కోరుతోంది?" అంది నా భార్య.

అల్లుడి కలం ఆగింది.

"అక్కా, తీర్మానంలో అలాంటివి రాయరు," అన్నాడు సవరణ. "కోరుతోంది అంటే కోరుతోంది, అంతే. ఎవరినని రాస్తే వాళ్లు నొచ్చుకుంటారు."

ఏకగ్రీవంగా ఆమోదించాం. బల్ల చరిచాం. నేనూ చరిచాను, నలభై ఏళ్లుగా ఇతరులు చరిస్తే విన్నవాణ్ణి కదా, అందులో ఎంత సుఖముందో అప్పుడు తెలిసింది! ఒంట్లోంచి ఏదో బరువు దిగిపోయినట్టు, రెయిలింగ్ పెట్టేసినంత తృప్తిగా ఉంటుంది. రాత్రి కంటినిండా నిద్ర పట్టింది.

నా భార్య బల్ల చరవలేదు. చేతిలో కాపడం గుడ్డ ఉంది.

మర్నాడు చూస్తే భోజనాల బల్ల ఒక కాలు వదులైంది. ఊరుకుంటానా? పనిముట్ల పెట్టె తీసి గంటలో బిగించాను. బాగా బిగించాను. పైన చిత్రిక కూడా పట్టాను. బల్ల మెరిసిపోయింది.

"పెట్టె తీశావు కదా, ఆ చేత్తోనే మెట్ల సంగతి కూడా చూడు," అంది వంటింట్లోంచి.

చూశాను. మెట్ల కేసి చాలాసేపు చూశాను.

తర్వాత మూడు నెలలకు రెండో సమావేశం. మిషనును కిందికి దించాలని సవరణ ఒక సవరణ తెచ్చాడు. కింద వెలుతురు లేదు అంది నా భార్య. వెలుతురు సంగతి పరిశీలించడానికి ఒక కమిటీ వేశాం. కమిటీలో సవరణ ఒక్కడే. అతనికి అప్పుడే కొత్త కళ్లజోడు వచ్చింది, ఎక్కడ చూసినా వెలుతురు సరిపోయినట్టే కనిపించింది. నివేదికను సభ తిరస్కరించింది. బల్ల రెండో కాలు వదులైంది.

ఏడాది నిండాక మూడో సమావేశం. మొదటి తీర్మానం అమలు కాకపోవడం పట్ల విచారం వ్యక్తం చేస్తూ ఇంకో తీర్మానం చేశాం. ఇది నిజంగా గొప్ప మలుపు! మెట్ల గురించిన బాధను తీర్మానం గురించిన బాధగా మార్చాం. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు ఐదుగురం పంచుకున్నాం. పంచుకుంటే మోకాలు ఒక్కరిదే అయినా బాధ తేలికపడదూ?

నాలుగోసారి నా భార్య ధైర్యాన్ని కొనియాడుతూ అభినందన తీర్మానం పెట్టాం. రెయిలింగ్ లేకుండా, మెలిపడ్డ మోకాలితో, మూట మోస్తూ రోజూ మెట్లెక్కే ఆమె పట్టుదల అందరికీ ఆదర్శమని కూతురు చదివింది. అల్లుడు రెండు చేతులతో బల్ల చరిచాడు.

నా భార్య మధ్యలోనే లేచి గిన్నెలు ఎత్తుకుపోయింది.

"అక్కకు సంతోషం పట్టలేక వెళ్లిపోయింది బావా," అన్నాడు సవరణ.

ఆ రెండేళ్లలో నేను భోజనాల బల్లకు నాలుగు కాళ్లూ మార్చాను. ఒక పక్కకు కొత్త చెక్క వేశాను. మూలలు గుండ్రంగా తీశాను. అలాంటి బల్ల మంత్రుల ఇళ్లల్లో కూడా ఉండదు. టేకు కర్రలు ఇంకా నాలుగు మిగిలాయి. వాటిని పెరట్లో తడవకుండా గోనె కప్పి భద్రంగా పెట్టాను. ఎందుకైనా పనికొస్తాయని.

మాటలు కోటలు దాటుతాయి, కాళ్లు గడప దాటవు అంటారు. దాన్ని జనం ఎగతాళిగా అంటారు గానీ నేనలా అనుకోను. కాళ్లు గడప దాటితే దెబ్బలు తగులుతాయి. మాటలకు తగలవు. ఎంత భద్రమైన ఏర్పాటు!

ఇంత సాఫీగా సాగుతున్న ప్రజాస్వామ్యానికి ఒక శుక్రవారం పొద్దున ఆపద వచ్చింది.

లేచేసరికి వంటింట్లో స్టవ్ లేదు. బియ్యం డబ్బా లేదు. కాఫీపొడి సీసా లేదు. దొంగలు పడ్డారనుకుని హాల్లోకి వచ్చాను. పైనుంచి మిషను చప్పుడు వినిపిస్తోంది, దానితోపాటే పోపు వాసన.

నా భార్య మకాం పైకి మార్చేసింది! తెల్లారక ముందే ఒక్కొక్కటే మోసుకుపోయింది, మెట్టు మెట్టుకూ కూర్చుంటూ. పైగది పక్కనే కుళాయి ఉంది, చిన్న స్నానాల గది ఉంది. ఇక దిగాల్సిన పని లేదు. కుట్టిన చొక్కాలు తీసుకుపోవడానికి షాపతనే పైకి వస్తానన్నాడట.

మెట్ల కింద నిలబడి పైకి చూశాను. ఆమె పైమెట్టు మీదికి వచ్చింది.

"ఏమిటిది?" అన్నాను. ఆ వారానికి అదే నా మొదటి మాట.

"ఏముందీ, నేనూ ఒక తీర్మానం చేసుకున్నాను. ఒక్కదాన్నే కదా, ఏకగ్రీవమే," అంది. "తినాలనుకున్నవాళ్లు ఎక్కి రండి. నేను దిగను."

"సభ పెడదాం," అన్నాను.

"పెట్టుకోండి. కిందే పెట్టుకోండి."

కూతురూ అల్లుడూ పనిచేసే చోటే తింటారు, వాళ్లకేం లోటు లేదు. సవరణ మనిషి సన్నం, పిల్లిలా ఎక్కేస్తాడు. మిగిలింది నేను. పొద్దున కాఫీకి ఒకసారి, మధ్యాహ్నం అన్నానికి ఒకసారి, సాయంత్రం టీకి, రాత్రికి మళ్లీ. పద్నాలుగు మెట్లు చొప్పున నాలుగుసార్లు, దిగినవి వేరే. నేనే టీ పెట్టుకోవచ్చు కదా అంటారా? ఒకసారి పెట్టాను. దాన్ని సవరించడానికి వీల్లేదని సవరణ కూడా చేతులెత్తేశాడు.

నాకు ఆరడుగుల ఒళ్లు, డెబ్భై రెండేళ్ల మోకాళ్లు. మొదటి రోజు గోడ పట్టుకుని ఎక్కాను. గోడ నున్నగా ఉంటుందని, పట్టు దొరకదని, ఇన్నేళ్లలో నాకప్పుడే తెలిసింది. రెండో రోజు టీ గ్లాసుతో దిగుతూ సగం టీ మెట్లకు పోశాను. మూడో రోజు, ఆదివారం మధ్యాహ్నం, తొమ్మిదో మెట్టు మీద ఎడమ మోకాలు కలుక్కుమంది. ముందుకు ఎక్కలేను, వెనక్కు దిగలేను. కుడివైపు గాలి. అక్కడే కూలబడ్డాను.

పైన మిషను ఆగింది.

"ఏమయ్యా, ఏమైంది?"

"ఏం లేదు," అన్నాను.

"ఏం లేకపోతే అక్కడెందుకు కూర్చున్నావు?"

"ఊరికే."

పైన కత్తెరతో దారం తెంపిన చప్పుడు వినిపించింది. తర్వాత, "పోనీ, అభినందన తీర్మానం పెట్టమంటావా?" అంది.

నేను మెట్టు మెట్టుకూ కూర్చుంటూ కిందికి దిగాను. తిన్నగా పెరట్లోకి వెళ్లాను. గోనె తీశాను. టేకు కర్రలు నాలుగూ బయటికి లాగాను. అల్లుడు కాగితం తెస్తానన్నాడు, వద్దన్నాను. రంపం పట్టాను. గట్టి కర్రలు, నిటారు గుంజలు, పైన గుండ్రంగా చిత్రిక పట్టిన పట్టు. సిమెంటుకు బోల్టులు. సవరణ వచ్చి ఏదో చెప్పబోయాడు, చేతిలో సుత్తి చూసి ఆగాడు. మూడు గంటల్లో పని అయిపోయింది. బరువంతా ఆన్చి ఊపి చూశాను. కదలలేదు.

రెండేళ్లు, నాలుగు సమావేశాలు, ఒక కమిటీ. పని మూడు గంటలది!

గర్వంగా కేకేశాను. "వచ్చి చూడు!"

ఆమె పైమెట్టు మీదికి వచ్చింది. రెయిలింగ్ కేసి చూసింది, నా కేసి చూసింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని పట్టు మీద పెట్టబోయింది.

అందలేదు. అందలేదంటే, అందింది గానీ చెయ్యి భుజం దాకా ఎత్తాల్సివచ్చింది. నా భార్య పొట్టి మనిషి, నా ఛాతీ దాటదు. నాకేమో నడుం వంగదు. మోచెయ్యి హాయిగా ఆనేలా, నా ఎత్తుకు కొలుచుకుని పెట్టాను. కొలిచేటప్పుడు నా మోకాలే గుర్తుంది.

ఆమె చెయ్యి పైకెత్తి పట్టుకుని అలాగే ఒక మెట్టు దిగింది. ఇంకోటి దిగింది. ఆగింది.

"బాగుందయ్యా," అంది. "చెయ్యెత్తి పట్టుకోవాలి, ఓటు వేసినట్టు. ఇంతకాలం మీరెత్తారు, ఇక దిగినప్పుడల్లా నేనెత్తుతాను."

అల్లుడు నవ్వబోయి మానేశాడు.

"ఇది నా మోకాలికి కట్టింది కాదులే," అంది మళ్లీ. "నీ మోకాలు నీకు అర్జీ పెట్టుకుంది, నువ్వు మంజూరు చేశావు. నాది రెండేళ్లుగా పెండింగు."

చట్టసభలో నలభై ఏళ్లు ఎందరెందరో నిప్పులు చెరగడం విన్నాను. ప్రతిపక్షంలో అంత పని చేసిన మాట ఒక్కటీ వినలేదు. ఆ సభ్యులకు లిఫ్టు ఉండేది. ఏ మెట్ల గురించి ఆందోళన పడ్డారో ఆ మెట్లు వాళ్లెవరూ ఎక్కలేదు. సామాన్ల గదిలో కూర్చుని నేను లోలోపల నవ్వుకునేవాణ్ణి. అలా నవ్వినవాణ్ణి, నేను ఇంట్లో చేసిందేమిటి? రంపం ఉంది, కర్ర ఉంది, చేతిలో పని ఉంది. వాళ్లకు లేనివన్నీ నాకున్నాయి. అయినా తలే ఊపాను.

కూతురు సర్దిచెప్పబోయింది. "పోనీలే అమ్మా, ఇప్పటికైనా పెట్టారు కదా. అందరం కూర్చుని మాట్లాడుకుని..."

"కూర్చోవద్దు," అన్నాను.

పెట్టెలోంచి పెన్సిలు తీసి చెవి మీద పెట్టుకున్నాను. రెయిలింగ్ వదిలేసి గోడ పట్టుకుని, పదకొండో మెట్టు దాకా ఎక్కి, ఆమెకు ఒక మెట్టు కింద నిలబడ్డాను.

"చెయ్యి పెట్టు," అన్నాను.

"ఎక్కడ?"

"నీకెక్కడ పడితే అక్కడ."

ఆమె నన్నొకసారి అనుమానంగా చూసింది. తర్వాత కళ్లు కిందికి దించి, కుడికాలు ఒక మెట్టు దింపి, బరువు దాని మీద వెయ్యడానికి భయపడుతూ, చెయ్యి పక్కకు చాచింది. ఉత్త గాల్లో ఒకచోట ఆగింది. నేను గుంజ మీద అక్కడ గీత గీశాను.

"ఇక్కడా?"

"ఇంకొంచెం కిందికి," అంది.